టీకా తప్పిన ఇంట్లో ఏం అడగాలి, ఎలా అడగాలి: కుటుంబాల సర్వే ప్రాజెక్టు డైరీ

అప్‌డేట్ 1: ప్రశ్నను విడదీయడం

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీ బస్తీలు, వాటిని దాటాక వచ్చే పల్లెలు ఈ సర్వే పరిధి. 12 నుంచి 23 నెలల పిల్లలున్న ఇళ్లు కావాలి. ఆ వయసుకల్లా పుట్టినప్పటి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మొదలుకొని 6, 10, 14 వారాల పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే సూది), తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) మొదటి డోసు దాకా అన్నీ పడి ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద ఈ వయసులో పూర్తి టీకాలు పడిన పిల్లలు 2015-16లో 62 శాతం, 2019-21లో 76.4 శాతం. ఎంతమందికి పడలేదన్నది ఆ లెక్క చెబుతుంది. ఎందుకు పడలేదన్నది ఇంటికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

టీకాల గురించిన రిపోర్టులు చాలావరకు "తల్లిదండ్రుల్లో అవగాహన లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోతాయి. తప్పిన డోసు వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు: ఇంట్లోవాళ్లు వద్దనుకోవడం, వేయించాలని ఉన్నా వెళ్లలేకపోవడం, వెళ్లినా టీకా పడకుండా తిరిగిరావడం. మొదటిదానికి మాట కావాలి, రెండోదానికి వేళలు మారాలి, మూడోదానికి సరఫరా బాగుపడాలి. మూడింటినీ ఒకే గంపలో వేసి "టీకాలంటే అపోహలు" అని రాస్తే, ఏ తప్పూ లేని తల్లి నెత్తిన నింద పడుతుంది. సర్వే డిజైన్ మొత్తం ఈ మూడింటినీ విడిగా పట్టుకోవడానికే.

అప్‌డేట్ 2: శాంపిల్

1980ల నుంచి ప్రపంచమంతా వాడిన "30 క్లస్టర్లు (ఊళ్లు లేదా వాడలు), క్లస్టర్‌కు ఏడుగురు పిల్లలు" పద్ధతి మనకు సరిపోదు. ఊరి మధ్యలో నిలబడి ఏదో ఒక దిక్కు ఎంచుకుని, మొదటి ఇంటి నుంచి పక్కపక్క ఇళ్లకు పోతూ ఏడుగురు దొరికేదాకా నడవడం ఆ పద్ధతి. ఊరి చివర ఇళ్లు, తాళం వేసిన ఇళ్లు, షెడ్ల వెనకున్న గదులు దానికి అందవు. టీకాలు ఎక్కువగా తప్పేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సవరించిన క్లస్టర్ సర్వే మాన్యువల్ కూడా ఇళ్ల జాబితా ముందే రాసుకుని, అందులోంచి లాటరీగా తీయమంటోంది.

సైజు లెక్క ఇది. ఒక అభిప్రాయం సగం మందికి ఉందనుకుని, 95 శాతం నమ్మకంతో, 7 శాతం అటూఇటూగా తేలాలంటే సాదా శాంపిల్ 196. ఒకే వాడలోవాళ్ల ఆలోచనలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి దాన్ని డిజైన్ ఎఫెక్ట్‌తో (ఆ పోలిక వల్ల శాంపిల్ ఎన్ని రెట్లు పెరగాలో చెప్పే సంఖ్యతో) హెచ్చించాలి. క్లస్టర్‌కు 12 ఇళ్లు, క్లస్టర్ లోపలి సహసంబంధం (ఒకే వాడలో జవాబులు ఎంతగా కలుస్తాయో చెప్పే కొలత) 0.05 అనుకుంటే, 11ను 0.05తో హెచ్చించి 1 కలిపితే 1.55. అంటే 304 ఇళ్లు. పది శాతం మంది దొరకరు లేదా ఒప్పుకోరు అనుకుంటే 338. దీన్ని 30 క్లస్టర్లు, ఒక్కోదానిలో 12 ఇళ్లుగా పెంచి 360 చేశాం. ఇక్కడొక జాగ్రత్త. కవరేజీ కన్నా భయాలూ పుకార్లూ వాడలవారీగా ఎక్కువ గుంపు కడతాయి. సహసంబంధం 0.15 ఉంటే అదే 360 ఇళ్లతో తేడా 9 శాతం దాకా పెరుగుతుంది. అందుకే ఇళ్లు పెంచడం కన్నా క్లస్టర్లు పెంచడమే మేలు. డబ్బు మిగిలితే అటే పెట్టాలి.

క్లస్టర్లు తీసేది జనాభా దామాషాలో. ఊళ్లు, బస్తీలు వరుసగా రాసి జనాభాను కూడుకుంటూ పోవాలి. మొత్తం 1,86,000 అనుకుంటే 30తో భాగించగా వచ్చే 6,200 మన అంగ, అంటే ఒక క్లస్టర్ నుంచి ఇంకోదానికి వేసే అడుగు. 1 నుంచి 6,200 మధ్య ఒక సంఖ్యను ఎక్సెల్‌తో తీయాలి. 2,417 వచ్చిందనుకోండి, కూడిక ఆ సంఖ్యను దాటే ఊరు మొదటి క్లస్టర్, 8,617ను దాటేది రెండోది, అలా చివరిదాకా. పెద్ద బస్తీకి రెండుసార్లు వంతు రావొచ్చు, వస్తే రానివ్వాలి.

ఇక క్లస్టర్‌లో ఎన్ని ఇళ్లు తిరగాలి? వెయ్యి జనాభాకు ఏడాదికి 16 కాన్పులు, ఇంటికి నలుగురు అనుకుంటే, 250 ఇళ్లలో మనకు కావలసిన వయసు పిల్లలు 16 మంది ఉంటారు. 12 మందికి 190 ఇళ్లు కావాలి. కాబట్టి ఒక్కో క్లస్టర్‌లో 200 ఇళ్ల ముక్కకు గీత గీసి, ప్రతి గడపా ఎక్కి జాబితా రాయాలి. ఇద్దరికి రెండు రోజుల పని. ఈ రెండు రోజులు మిగుల్చుకుందామని అంగన్‌వాడీ రిజిస్టర్‌లోంచి పేర్లు తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోవద్దు. రిజిస్టర్‌లో పేరున్న ఇల్లంటే ఇప్పటికే ఎవరో ఒకరు తలుపు తట్టిన ఇల్లు. అద్దె గదుల్లో ఉండే బీహార్, ఒడిశా కుటుంబాలు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. జాబితా పూర్తయ్యాక రిజిస్టర్‌తో పోల్చడం మాత్రం మంచి పని: ఎవరి పేర్లు లేవో అదే చెబుతుంది.

తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్లాలి. అందులో ఒకసారి సాయంత్రం ఏడు దాటాక, ఒకసారి ఆదివారం. షిఫ్టుల్లో పనిచేసే జంటలు అప్పుడే దొరుకుతారు. పక్కింటితో సరిపెట్టుకోవడం నిషేధం.

అప్‌డేట్ 3: "కుటుంబం" అంటే ఏ ఇల్లు?

మన దగ్గర మొదటి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. మూడో నెలో ఐదో నెలో వచ్చాక అత్తగారింటికి తిరిగొస్తుంది. 6, 10, 14 వారాల సూదులు పడాల్సింది సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే బిడ్డ మొదటి టీకాలకు సంబంధించిన నిర్ణయాలు ఒక ఊళ్లో అమ్మమ్మ సమక్షంలో జరిగితే, మనం సర్వే చేసేది ఇంకో ఊళ్లో నానమ్మ ఎదుట. అత్తగారి ఊరి ఆశా కార్యకర్త "ఊళ్లో లేరు" అని రాసుకుంటుంది, పుట్టింటి ఊరి ఆశా "మా లిస్టులో లేదు" అనుకుంటుంది. ఇద్దరి తప్పూ లేదు, బిడ్డకు మాత్రం డోసు పోతుంది.

అందుకని ఫారంలో ప్రతి డోసు పక్కన "అప్పుడు బిడ్డ ఎక్కడ ఉంది" అన్న గడి పెట్టాం: ఇక్కడ, తల్లి పుట్టింట్లో, పని చేసే చోట, వేరే. ప్రాజెక్టు మొత్తంలో ఒక్క ప్రశ్నే మిగుల్చుకోమంటే దీన్నే మిగుల్చుకోవాలి.

జవాబు చెప్పాల్సింది బిడ్డను రోజూ చూసుకునేవాళ్లు, ఎక్కువగా తల్లి. కానీ నిర్ణయం ఎవరిదో ఊహించకూడదు, అడగాలి. "టీకా రోజున బిడ్డను తీసుకెళ్లాలంటే ఎవరికైనా చెప్పాలా, ఎవరినైనా అడగాలా?" చెప్పడం, అడగడం రెండూ విడివిడి గడులు. ప్రతి మూడో ఇంట్లో తండ్రినీ, నానమ్మనీ విడిగా చిన్న ప్రశ్నావళితో అడుగుతాం. ఒకే ఇంట్లో ముగ్గురి జవాబులు ఎంత కలుస్తాయో, ఎంత తేడాపడతాయో తెలియాలంటే వేరే దారి లేదు.

అప్‌డేట్ 4: ప్రశ్నావళి పరీక్ష

కొత్తగా ప్రశ్నలు అల్లే బదులు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2022లో బయటపెట్టిన బీఈఎస్‌డీ (టీకా వెనకున్న ఆలోచనలు, సామాజిక కారణాలను కొలిచే) ప్రశ్నలను ఆధారం చేసుకున్నాం. నాలుగు భాగాలు: టీకా గురించి ఏమనుకుంటున్నారు, చుట్టుపక్కలవాళ్ల ప్రభావం, వేయించాలన్న ఉద్దేశం, ఆచరణలో ఇబ్బందులు. అమెరికాలో తయారైన 15 ప్రశ్నల పీఏసీవీ స్కేలు (టీకాలపై తల్లిదండ్రుల అభిప్రాయాలను కొలిచేది) కూడా పేరున్నదే. అయితే అది సొంత పిల్లల డాక్టరు ఉన్న తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని తయారైంది. సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు) చేత సూది వేయించుకునే తల్లికి ఆ ప్రశ్నల్లో చాలా వాటికి పట్టు దొరకదు.

అనువాదం చేసి, వేరే మనిషి చేత వెనక్కి ఇంగ్లిషులోకి మార్పించి పోల్చి చూడటం మొదటి మెట్టు మాత్రమే. అసలు పరీక్ష ప్రశ్న చదివి, జవాబు తీసుకుని, "ఇప్పుడు మీకు ఏం గుర్తొచ్చి అలా చెప్పారు?" అని అడగడం. పది పన్నెండు మందితో రెండు విడతలు చేస్తే చాలావరకు బయటపడుతుంది. మూడు మార్పులు దీనివల్లే వచ్చాయి.

"మీ ఇంట్లోవాళ్లు, దగ్గరివాళ్లు ఎక్కువమంది బిడ్డకు టీకాలు వేయించాలనుకుంటున్నారా?" అన్నదానికి తల్లుల నుంచి వచ్చిన ఎదురు ప్రశ్న: "ఏ ఇంట్లో? మా అమ్మోళ్లా, మా అత్తోళ్లా?" దాన్ని రెండుగా విడగొట్టాం.

"కొంచెం", "ఒక మోస్తరు", "చాలా" అని నోటితో చదివితే జవాబులన్నీ "చాలా" దగ్గరే పోగుపడుతున్నాయి. నాలుగు స్టీలు గ్లాసుల బొమ్మల కార్డు చేతికిచ్చి (ఖాళీ, అడుగున, సగం, నిండా) వేలితో చూపించమంటే జవాబులు విచ్చుకున్నాయి. కార్డును చేతికే ఇవ్వాలి. సర్వేయర్ తానే పట్టుకుంటే, తల్లి ఆమె మొహం చూసి చూపిస్తుంది.

మూడోది వరుస. టీకాలు పడ్డాయా లేదా అన్నది ముందు అడిగితే, పడనివాళ్లకు అది విచారణలా అనిపించి తర్వాతి అభిప్రాయాలన్నీ సర్దుకుంటాయి. ముందు బిడ్డ సంగతులు, తర్వాత అభిప్రాయాలు, ఆ తర్వాత ఇబ్బందులు, చివరికి కార్డు. "టీకాలు మంచివి, ఒప్పుకుంటారా?" లాంటి వాక్యాలన్నీ తీసేశాం. ఇంటికొచ్చిన మనిషిని కాదనడం మర్యాద కాదని ఎవరైనా ఒప్పుకుంటారు.

అప్‌డేట్ 5: కార్డు చదవడం

మాతా శిశు సంరక్షణ కార్డు చాలా ఇళ్లలో ఆధార్, రేషన్ కార్డులతో కలిపి ఒకే ప్లాస్టిక్ కవర్లో, బీరువాలోనో మంచం కింద పెట్టెలోనో ఉంటుంది. "కార్డు ఉందా?" అంటే "లేదు" అనడం సులువు. "మీ కాగితాల కవర్ ఒకసారి చూద్దామా అక్కా, నేను కూర్చుంటా" అంటే చాలాసార్లు దొరుకుతుంది. ఆ ఐదు నిమిషాలు ఆగడం శిక్షణలో భాగం.

దొరికాక చూడాల్సినవి ఇవి. తేదీ ఉందా, టిక్కు మాత్రమే ఉందా? మడత మీద పడి చెరిగిపోయిన తేదీని ఊహించి రాయకూడదు, "చదవలేం" అన్న గడి ఉంది. ఏఎన్‌ఎం తర్వాత రమ్మని పెన్సిల్‌తో రాసిన తేదీని డోసు వేసిన తేదీగా ఎక్కించేస్తుంటారు. అతి మామూలుగా జరిగే పొరపాటు అదే. పెంటా డోసుల మధ్య 28 రోజుల కన్నా తక్కువున్నా, ఎంఆర్ తేదీ తొమ్మిది నెలలు నిండకముందే ఉన్నా ఫారం ఆపి మళ్లీ చూడమంటుంది. అయినా అదే ఉంటే అలాగే రాయాలి, సరిదిద్దకూడదు. టీకా పేజీని ఫొటో తీసేటప్పుడు పేరు, ఫోన్ నంబరు ఉన్న భాగాన్ని కాగితంతో మూయాలి.

కార్డు లేనిచోట నోటిమాట మీద రాయాలి. "టీకాలన్నీ పడ్డాయా?" పనికిరాదు. చేతి మీద బీసీజీ మచ్చ చూడటం, తొడ మీద సూదులు ఎన్నిసార్లు వేశారో అడగడం, నోట్లో చుక్కలు ఇంటికొచ్చి వేశారా, సెంటర్లో వేశారా అని విడదీయడం. ఇంటింటికీ తిరిగి వేసే పల్స్ పోలియో చుక్కలను మామూలు డోసులుగా లెక్కేయడం ఇక్కడ జరుగుతుంది. పుట్టిన తేదీ గుర్తులేకపోతే సంక్రాంతి, ఉగాది, బోనాలు, బతుకమ్మలతో పాటు ఆ ఊరి జాతర కూడా రాసిన స్థానిక క్యాలెండర్ చూపించాలి. కార్డు లెక్క, నోటిమాట లెక్క రిపోర్టులో ఎప్పుడూ విడివిడిగానే ఉండాలి.

అప్‌డేట్ 6: పక్కన ఎవరున్నారు

ఇల్లు చూపించడానికి ఆశా కార్యకర్త వస్తుంది, చూపించాక ఆమె వెళ్లిపోవాలి. ఆమె గడప దగ్గర నిలబడి ఉంటే ఏ తల్లీ "నాకు ఎవరూ చెప్పలేదు" అనదు, "భయమేసింది" అసలే అనదు. అత్తగారిని పొమ్మనలేం. అందుకే సర్వేయర్లు ఇద్దరు వెళతారు: ఒకరు తల్లితో కూర్చుంటే, రెండోవారు నానమ్మను వేరే అరుగు మీద కూర్చోబెట్టి ఆమె ప్రశ్నావళి తీసుకుంటారు. ఆమెకూ గౌరవం, మనకూ జవాబు. ప్రతి భాగం చివర "ఇప్పుడు వినికిడి దూరంలో ఎవరున్నారు" అన్న గడి ఉంది. విశ్లేషణలో ఆ గడిని బట్టి జవాబులు మారాయేమో చూస్తాం.

సర్వేయర్ ఎన్నడూ టీకాలు వేయించమని చెప్పకూడదు. ఇది శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం, ఎందుకంటే మంచి మనసున్న వాళ్లకే నోరు ఆగదు. మధ్యలో ఒక్క సలహా ఇచ్చినా అక్కడి నుంచి అది పరీక్ష అయిపోతుంది. ఇంటర్వ్యూ పూర్తయి ట్యాబ్ మూశాక, తప్పిన డోసులుంటే తర్వాతి టీకా రోజు ఎప్పుడో, ఎక్కడో రాసిన చీటీ ఇవ్వాలి. చీటీ ఇవ్వకుండా వచ్చేయడం అన్యాయం. కానీ అది ఏ ఇల్లో ఏఎన్‌ఎంకు చెప్పాలంటే తల్లి విడిగా ఒప్పుకోవాలి.

అంగీకార పత్రం తెలుగులో, హిందీలో ఒక్కో పేజీ. చదవలేనివాళ్లకు చదివి వినిపించి వేలిముద్ర, ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకోవాలి.

అప్‌డేట్ 7: తప్పిన డోసు కథ

360 ఇళ్ల ఫారాలు "ఎంతమంది" అన్నది చెబుతాయి. "ఎలా జరిగింది" అన్నదానికి లోతైన ఇంటర్వ్యూలు కావాలి. పెంటా మొదటి డోసు కూడా పడని పిల్లల ఇళ్లు, మొదట్లో వేయించి ఆపేసిన ఇళ్లు, ఆలస్యంగానైనా పూర్తిచేసిన ఇళ్లు, ఈ మూడు రకాల నుంచీ ఎంచుకోవాలి. మూడో రకాన్ని వదిలేయకూడదు. అడ్డంకి దాటినవాళ్లు ఎలా దాటారో చెప్పగలిగేది వాళ్లే.

"ఎందుకు వేయించలేదు?" అని అడగం. ఆ ప్రశ్నకు వచ్చేది సంజాయిషీ. "ఆ బుధవారం పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పండి" అని మొదలుపెడతాం. (ఇక్కడ టీకా రోజులు బుధ, శనివారాలు.) ఈ వరుసలో అడిగితే బయటికి వచ్చే గొలుసు ఇలా ఉంటుంది: పోయినసారి పెంటా వేశాక రాత్రంతా జ్వరం, ఏడుపు. జ్వరం వస్తుందని ముందు ఎవరూ చెప్పలేదు. తెల్లారి తండ్రి డ్యూటీ పోయింది, ఒక రోజు కూలి పోయింది. తర్వాతి తేదీకి బిడ్డకు జలుబు. "తగ్గాక పోదాం" అన్నారు. తగ్గేసరికి ఊరు మారారు. ఇంత గొలుసులో "టీకా వద్దు" అన్న మాట ఎక్కడా లేదు. కానీ ఫారంలో ఒకే గడి ఉంటే ఇది "జ్వర భయం" అన్న ఖాతాలో పడిపోయేది.

సరఫరా వైపు గొలుసు కూడా ఇలాగే దొరుకుతుంది. బీసీజీ, ఎంఆర్ వయల్స్‌లో (మందు సీసాల్లో) ఒకటికి మించి డోసులుంటాయి, మూత తెరిచాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఒక్క బిడ్డ ఉన్నా తెరవాలన్నదే నిబంధన. అయినా వృథా అవుతుందన్న బెరుకుతో "వచ్చే వారం ఇంకొందరు వస్తారు, అప్పుడు రండి" అని పంపేయడం జరుగుతుంది. ఆ తల్లి మళ్లీ రాకపోతే రిజిస్టర్‌లో ఆమే గైర్హాజరు.

టీకా వేసినప్పుడు చెప్పాల్సిన నాలుగు మాటలు (ఏ టీకా వేశారు; ఏ ఇబ్బంది రావొచ్చు, వస్తే ఏం చేయాలి; మళ్లీ ఎప్పుడు రావాలి; కార్డు జాగ్రత్త) చెప్పారా అన్నది కూడా అందుకే విడివిడిగా అడుగుతున్నాం. కారణాలను గడప దగ్గరే సర్వేయర్ కోడ్ చేయకూడదు, అంటే ఏదో ఒక రకం కింద వేసేయకూడదు. తల్లి మాటలు యథాతథంగా రాసుకొస్తే, ఆఫీసులో ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి పోల్చుకుంటారు.

బృంద చర్చలు ఆరు నుంచి ఎనిమిది మందితో. తల్లులు, నానమ్మలు, తండ్రులు వేర్వేరుగా. సబ్‌సెంటర్, అంగన్‌వాడీ గదుల్లో పెట్టొద్దు, ఆ గోడల మధ్య జవాబులు ఆ గోడలకు తగ్గట్టే ఉంటాయి. గుడి అరుగు మీదా వద్దు, అందరూ రారు. రెండు రికార్డర్లు పెట్టాలి. గంట ఆడియో ఎత్తి రాయడానికి ఒక మనిషికి దాదాపు ఒక పనిదినం పడుతుందని బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి.

అప్‌డేట్ 8: ట్యాబ్, రోజువారీ చెకింగ్

ఫారం కోబో టూల్‌బాక్స్‌లో (ట్యాబ్‌లో సర్వే నింపే సాఫ్ట్‌వేర్), తెలుగు, హిందీ లేబుళ్లతో. సిగ్నల్ లేకపోయినా నింపొచ్చు, రాత్రి అప్‌లోడ్. రోజూ చూసేవి: ఒకే సర్వేయర్ దగ్గర "నిండు గ్లాసు" జవాబులు మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువున్నాయా, 15 నిమిషాల్లోపు ముగిసినవి ఉన్నాయా, అందరి వయసూ సరిగ్గా 12 నెలలు లేదా 18 నెలలు అని వస్తోందా. పదింటిలో ఒక ఇంటికి సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి మూడు ప్రశ్నలు అడగాలి.

అప్‌డేట్ 9: విశ్లేషణలో ముఖ్యమైన పట్టిక

వెయిట్లు, డిజైన్ ఎఫెక్ట్ సర్దుబాటు మామూలే. మేం ముందుగా వేసే పట్టిక రెండు నిలువు వరుసలు, రెండు అడ్డు వరుసలది. ఒకవైపు "వేయించాలని ఉందా", రెండోవైపు "వేళకు పడ్డాయా".

ఉంది, పడ్డాయి: అక్కడ పని జరుగుతోంది. ఉంది, పడలేదు: అది ఇబ్బందుల గడి. టీకా వేళలు, దూరం, పుట్టింటి నెలలు, తిప్పి పంపడాలు అక్కడ చూడాలి. లేదు, పడలేదు: భయమో, పాత చేదు అనుభవమో, నమ్మకమో, లోతైన ఇంటర్వ్యూలతో కలిపి చదవాలి.

నాలుగోదాన్ని ఎవరూ పట్టించుకోరు: మనసులో ఇష్టం లేదు, అయినా పడ్డాయి. ఆశా అడుగుతోందనో, అందరూ వేయిస్తున్నారనో వేయించినవాళ్లు. కవరేజీ లెక్కలో వీళ్లు విజయంగా కనిపిస్తారు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకలో ఎంఆర్ ప్రచారం మొదలైనప్పుడు వాట్సాప్ పుకార్లకు భయపడి, మామూలు టీకాలన్నీ వేయించిన తల్లిదండ్రులు కూడా బడిలో సూది వద్దన్నారు. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ ప్రచారం వచ్చింది. పుకారు వచ్చినప్పుడు ముందుగా కదిలేది ఈ గడిలోవాళ్లే అని మా నమ్మకం. వాళ్లు ఏ వాడల్లో ఎక్కువున్నారో ముందే తెలిస్తే, వాళ్ల భయాలు వినడానికి మామూలు రోజుల్లోనే ఒక మనిషిని పంపొచ్చు.

పీహెచ్‌సీకి ఇచ్చే పట్టికల్లో ఐదు ఇళ్లకు తక్కువున్న గడిని చూపించం. చిన్న తండాలో "వద్దన్న ఇళ్లు రెండు" అని రాస్తే అవి ఏవో సాయంత్రానికి ఊరంతటికీ తెలుస్తుంది. జీపీఎస్ గుర్తులు క్లస్టర్ మధ్యబిందువుకు కుదించాకే బయటికి వెళ్తాయి.

తర్వాతి విడత

ఇటుక బట్టీలు ఇళ్ల జాబితాలో రావు, వాటికి వేరే శాంపిల్ కావాలి. ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలు చలికాలం మొదట్లో దిగి, వానలకు ముందే వెళ్లిపోతాయి కాబట్టి జాబితా జనవరిలోపు రాయాలి. ఒడియా మాట్లాడే ఇద్దరు సర్వేయర్లు, ఒడియాలో అంగీకార పత్రం సిద్ధం చేసుకోవాలి. యజమాని లేదా మేస్త్రీ అనుమతి లేకుండా లోపలికి పోలేం, కానీ వాళ్ల ఎదుట ఇంటర్వ్యూ చేయలేం. పని ఆగే వేళ, గుడిసెల దగ్గర, మహిళలతో మాత్రమే కూర్చునేలా ముందే మాట తీసుకోవాలి. "అప్పుడు బిడ్డ ఎక్కడ ఉంది" అన్న ప్రశ్నకు ఇక్కడ ఊరు, బట్టీ, దారి అని మూడు గడులు పెట్టాలి.